ఆసరా అందని కోట

శనివారం, ఉదయం 5:20. మట్టికోట ద్వారం

ఈ పుస్తకం స్మృతి కేంద్రం వాళ్లు ఇచ్చారు. తోడు వెళ్లిన మనిషి రెండు మూడు గంటలకొకసారి ఇందులో రాయాలట. రోగి ఏ మాట మరిచిపోయింది, ఏ మాట తనంతట తనే తెచ్చుకుంది, ఎవరిని గుర్తుపట్టింది, అంతవరకే. నా అభిప్రాయాలు అక్కర్లేదన్నారు.

రోగి పేరు సుగుణ. వయసు యాభై రెండు. నాకు అక్క. నా పేరు రాజలింగం, నీటి మోటార్లు బాగుచేస్తాను. ఆరేళ్ల కింద వానలో బస్సు కల్వర్టు మీంచి పడినప్పుడు అక్క తలకు దెబ్బ తగిలింది. మూడు నెలలు కళ్లు తెరవలేదు. తెరిచాక నీళ్ల గ్లాసును చూసి అదేమిటని అడిగింది. అప్పుడు ఎడమ చెవి వెనక ఎముకలో బొత్తామంత యంత్రం బిగించారు. దాన్ని ఆసరా అంటాం. అక్క తలలో చెరిగిపోయినవి బయటినుంచి అందిస్తుంది. చేతిలో గరిట ఉండి దాని పేరు తోచకపోతే, తోచలేదని ఆమెకు తెలిసేలోపే మాట నోటికి వచ్చేస్తుంది.

ఆమె మెదడు సొంతంగా ఎంత కోలుకుందో తెలియాలంటే తరంగాలు లేని చోట రెండు రోజులు ఉంచి చూడాలని డాక్టర్ ఫర్హానా అన్నారు. వారాంతపు నడకకు తెరిచి ఉంచే నాలుగు చోట్ల బొమ్మలు చూపించారు. అక్క ఓరుగల్లు కోట బొమ్మ మీద వేలు పెట్టింది. మిగతా మూడూ చూడనే లేదు.

ద్వారం దగ్గర ఫోన్లు, గడియారాలు అప్పగించాం. కాపలా అతను అక్క చెవి వెనక చూసి నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, గోడ దాటినంక లోపలికి ఏ తరంగం రాదు. ఆ మిషిన్‌ల దాసుకున్నది ఎంతసేపొస్తది?"

"పది గంటలన్నరు. మెల్లమెల్లగ తగ్గుకుంట పోతదట."

"మరి రేపటిదాంక ఉంటరా?"

"ముప్పై గంటలకు పర్మిషనిచ్చిండ్రు."

అతను చేతి గడియారం ఒకటి ఇచ్చాడు. తాళం తిప్పే పాతరకం. ఈ టైములన్నీ దాన్ని చూసి రాస్తున్నవే.


శనివారం, 7:10. కందకం గట్టు

మాటలు మరిచినవి: లేవు.

ఒంటిని చల్లగా ఉంచే చల్లకోటులు వేసుకుని, నీళ్ల సంచులు వీపుకు తగిలించుకుని నడుస్తున్నాం. మట్టికోటకూ రాతికోటకూ మధ్య పొలాలున్నాయి. పత్తి చేనుకు నీడవలలు కట్టారు. దారిలో నడవడానికి వచ్చినవాళ్లు పాతికమంది దాకా ఉంటారు. బండ్లను లోపలికి రానివ్వకపోవడంతో అడుగుల చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది.

అక్క సంతోషంగా ఉంది. నాకన్నా ముందు నడుస్తోంది.

"నీళ్లెట్లున్నయో సూడు తమ్మీ! పచ్చగ, తివాచీ పరిచినట్టు."

ప్రమాదానికి ముందు అక్క తివాచీలు నేసేది. ఆ సంగతి ఆసరాలో ఉంది. తివాచీ అన్న మాట సొంతంగా వచ్చిందో ఆసరా ఇచ్చిందో నాకు తెలియదు. రాసిపెడుతున్నాను.


శనివారం, 9:00. రాతికోట లోపలి మెట్లు

మాటలు మరిచినవి: రెండు (కందకం, కొడవలి). తనంతట తనే తెచ్చుకుంది: కొడవలి.

రాతికోట ద్వారం తిన్నగా ఉండదు. ఒక మలుపు తిరిగి, మళ్లీ ఇంకోవైపు తిరిగి లోపలికి వెళ్లాలి. లోపలివైపు గోడ పొడుగునా మెట్లే. శత్రువు ఏ పక్కనుంచి వచ్చినా సైనికులు ఉన్న చోటినుంచే పైకి ఎక్కడానికట. అక్క మెట్లెక్కుతానంది.

ఎక్కేటప్పుడు ఎడమ చెయ్యి పక్కకు, కాస్త వెనక్కి, నడుము కన్నా కిందికి చాచింది. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, చెయ్యి మూసి, తర్వాత అడుగు వేసింది. గట్టిగా లెక్కపెట్టింది. పదకొండు, పన్నెండు, పద్నాలుగు.

సంఖ్యలలో తప్పు: ఒకటి (పదమూడు).

పైకి వెళ్లాక తన చెయ్యి తనే చూసుకుంది. "ఇదేంది తమ్మీ, నా చెయ్యి దేనికోసమో దేవులాడుతున్నట్టున్నది," అంది.

"ఎండకు తిమ్మిరెక్కింది," అన్నాను.


శనివారం, మధ్యాహ్నం 12:30. బుచ్చమ్మ ఇల్లు

పదింటికి ఎండ సైరన్ మోగింది. అందరం ఇళ్లలోకి వచ్చేశాం. కోటలోపల ఊళ్లో మాకు బస ఇచ్చిన ముసలామె పేరు బుచ్చమ్మ. మట్టిగోడల ఇల్లు, రెండు గదులు. సర్వపిండి కాల్చి పెట్టింది.

మాటలు మరిచినవి: తొమ్మిది. గ్లాసును "నీళ్లది" అంటోంది. గొడుగును చూపించి "నీడ కర్ర" అంది.

తినేటప్పుడు బుచ్చమ్మ ఎవరైనా అడిగే మాటే అడిగింది.

"పిల్లలెంతమంది బిడ్డా నీకు?"

ఈ ప్రశ్న అక్కను ఆరేళ్లలో ఎంతోమంది అడిగారు. ఎప్పుడూ ఒకటే జవాబు: లేరు. ఇవాళ అక్క ముక్క నములుతూ, తల ఎత్తకుండా, "ఒక్కతే బిడ్డ," అంది.

అని, ఆగిపోయింది. నోట్లో ముక్క అట్లాగే ఉంది. నా వైపు చూసింది.

"లేరవ్వా," అన్నాను. "అక్కకు దెబ్బ తగిలినంక ఒక్కోసారి మాటలు తారుమారైతయ్."

బుచ్చమ్మ నన్ను చాలాసేపు చూసి, ఇంకో సర్వపిండి నా పళ్లెంలో వేసింది.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. డాక్టర్ గారూ, నా అభిప్రాయాలు అక్కర్లేదన్నారు. ఇది అభిప్రాయం కాదు. తొమ్మిది గంటలకు రాసిన దాంట్లో నేను నిజం దాచాను.

అక్కకు ఒక కూతురు ఉండేది. పేరు నీలవేణి. నీలూ అని పిలిచేవాళ్లం. బావ ఆ పిల్లకు ఏడాది నిండకముందే విడిపోయి వెళ్లాడు. ఆ బస్సులో అక్క పక్కన కిటికీ దగ్గర నీలూ కూర్చుంది. అక్క బతికింది.

ఆసరా తయారుచేసేటప్పుడు అక్క జీవితమంతా నన్నడిగి రాసుకున్నారు. కడపటి కాగితం మీద "చేర్చకూడనివి" అని ఒక గడి ఉంది. మెదడు వాపు తగ్గలేదు, ఇప్పుడు పెద్ద దుఃఖం తగిలితే ప్రాణానికే ముప్పు, ఆరునెలలు ఆగి చేర్చుదామని అప్పటి డాక్టరు అన్నారు. ఆ గడిలో నీలూ పేరు రాసి సంతకం పెట్టాను. చావును మాత్రమే తీసేస్తే బిడ్డ ఏదని అడుగుతుంది కదా. అందుకని బిడ్డనే తీసేశారు.

ఆరునెలలు అయ్యాయి. అక్క నవ్వుతోంది, వండుతోంది. రేపు చెబుదాం అనుకున్నాను. బట్టలు, పలక, ఫోటోలు అన్నీ ఇంట్లోంచి తీసేశాను. ఎవరూ ఎరగని పేటకు ఇల్లు మార్చాను. చుట్టాలందరి చేతా ఒట్టు వేయించుకున్నాను. ఒకసారి అక్క పొత్తికడుపు మీది కోత గుర్తు చూసుకుని ఇదెప్పటిదని అడిగితే, ఏదో గడ్డ తీశారని చెప్పాను. ఆరేళ్లు అయింది.

ప్రమాదానికి రెండు నెలల ముందు అక్క నీలూను ఈ కోటకు తీసుకొచ్చింది. నేనూ ఉన్నాను. ఆ మెట్లే ఎక్కాం. నీలూకు పదమూడు ఎప్పుడూ వచ్చేది కాదు. పన్నెండు తర్వాత పద్నాలుగనేది. పిల్లను దిద్దడం మానేసి అక్క కూడా అట్లాగే లెక్కపెట్టేది.

అది సంఖ్యలలో తప్పు కాదు. కొట్టివేయగలరు.


శనివారం, సాయంత్రం 6:40. బుచ్చమ్మ ఇల్లు

మూడున్నరకు ఆసరాలో దాచుకున్నది అయిపోయింది. చెవి వెనక చిన్న వెలుగు ఆరిపోయింది.

ఎండ తగ్గాక తోరణాల దగ్గరికి నడిచాం. నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు, మధ్యలో విరిగిన స్తంభాలు. జనం మెల్లగా తిరుగుతున్నారు. అక్క వాటిని "రాయి గుమ్మాలు" అంది. హంసల బొమ్మలను వేలితో తడిమింది, పేరు రాలేదు. నన్ను మాత్రం తమ్మీ అనే పిలుస్తోంది.

నేను నీళ్ల సంచి నింపుకురావడానికి కుళాయి దగ్గరికి వెళ్లాను. వచ్చేసరికి అక్క లేదు.

నాలుగు తోరణాలూ తిరిగాను. కోటలోని గుట్ట దాకా పరుగెత్తాను. చల్లకోటు వేసుకున్న ప్రతి ఆడమనిషి మొహంలోకీ చూశాను. ఫోన్ లేదు, పిలిచే దారి లేదు. చివరికి ఒక ముసలాయన చెప్పాడు.

"ఒకామె పిల్ల తప్పిపోయిందని అడుక్కుంట పోతాంది. గోడ దిక్కుకు పోయింది. నీ మనిషేనా?"

అక్క రాతికోట మెట్ల దగ్గర ఉంది. దారిన పోయే ఇద్దరిని ఆపి, నడుము ఎత్తున చెయ్యి చూపిస్తోంది. ఇంత పిల్ల, ఇంత పిల్ల. వాళ్లు పాపం నిజమే అనుకుని మెట్ల పైకి ఎక్కి వెతుకుతున్నారు.

"అక్కా!"

"తమ్మీ, నీలూ ఏది?"

ఆరేళ్ల తర్వాత ఆ పేరు ఆమె నోటినుంచి విన్నాను.

"ఈడనే ఉండె. నా చెయ్యి పట్టుకున్నది. జెర చూడు తమ్మీ, ఎక్కడనో దాక్కున్నది."

అప్పుడు కూడా నేను అబద్ధం ఆడగలిగేవాణ్ణే. ఇంట్లో ఉంది పద అంటే వచ్చేసేది. నోటిదాకా వచ్చింది కూడా. వెతుకుతున్న ఆ ఇద్దరూ పైనుంచి "ఏం రంగు గౌనమ్మా?" అని అరిచి అడిగారు. అక్క వెంటనే, "పచ్చది! జేబులున్నది!" అంది. గ్లాసు పేరు రాని మనిషికి గౌను జేబులు గుర్తున్నాయి.

ఆమెను మెట్టు మీద కూర్చోబెట్టాను. ఆ ఇద్దరికీ చేతులు జోడించి, దిగిపొమ్మని సైగ చేశాను.

"అక్కా, నీలూ లేదు. బస్సు పడ్డనాడే పోయింది."

"యాడికి?"

"సచ్చిపోయిందక్కా."

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ మాట ఆమెకు మిగిలి ఉందో లేదో నాకు అర్థం కాలేదు. మళ్లీ చెప్పాల్సి వస్తుందేమోనని భయం వేసింది. అంతలో ఆమె చాచి ఉన్న ఎడమ చేతిని మెల్లగా దగ్గరికి తీసుకుని, కుడిచేత్తో మూసి పట్టుకుంది. తర్వాత ఒక అరుపు అరిచింది. గోడ మీద నడుస్తున్నవాళ్లందరూ ఆగిపోయారు.

ఇంటికి ఎట్లా వచ్చామో రాయలేను. బుచ్చమ్మ ఆమెను ఒళ్లో పడుకోబెట్టుకుంది. నేను ఊరుకోబెట్టబోతే చెయ్యి తోసేసింది.

"ఏడ్వనియ్యి కొడుకా. ఏనాటి ఏడుపో అది. నడుమ అడ్డం రాకు."


ఆదివారం, ఉదయం 6:00. బుచ్చమ్మ ఇల్లు

మాటలు లెక్కపెట్టడం మానేశాను. మిగిలినవి రాస్తే సులువు. అమ్మ, నీళ్లు, తమ్మి, నొప్పి, నీలూ, ఇంకో ముప్పై నలభై.

పొద్దున్నే పొయ్యి మీది గిన్నెను ఉత్త చేతులతో ఎత్తబోయింది. బుచ్చమ్మ లాగేసింది కాబట్టి సరిపోయింది, రెండు వేళ్లు కాలాయి. నిప్పు అంటే ఏమిటో పోయింది. నన్ను కూడా లేచిన కాసేపటిదాకా గుర్తుపట్టలేదు. గొంతు విని గుర్తుపట్టింది.

కాలిన వేళ్లకు వెన్న రాస్తుంటే అడిగింది. మాటలు వెతుక్కుంటూ, మధ్యమధ్య చేతులతో.

"ఎవరు... నీలూకు... మంట... పెట్టిండ్రు?"

"నేనే అక్కా. మూడోనాడు."

"నేను?"

"నువ్వు దవాఖానల ఉన్నవ్. తెలివి లేదు."

"నేను లేను," అంది. "బిడ్డకు నేను లేను."

ఆ తర్వాత నన్ను కొట్టింది. చెంప మీద, భుజం మీద, రెండు చేతులతో, కాలిన వేళ్లతో కూడా. నేను కదలలేదు. అలిసిపోయాక నా ఛాతీ మీద నుదురు పెట్టి నిలబడింది. మేమిద్దరం కలిసి ఆ పిల్ల కోసం ఏడవడం ఇదే మొదటిసారి. ఆరేళ్లుగా స్నానాలగదిలో కుళాయి తిప్పి నేనొక్కణ్ణే ఏడ్చేవాణ్ణి.


ఆదివారం, 8:45. మట్టికోట దారి

ఇంకా రెండున్నర గంటల పర్మిషన్ ఉంది. కానీ ఉండలేం. నడుస్తూ నడుస్తూ అక్క రెండుసార్లు కాలు ఎట్లా వెయ్యాలో మరిచిపోయినట్టు ఆగింది. నీళ్లు తాగితే పొలమారి ఊపిరి ఆడలేదు. డాక్టర్ గారూ, మీ పరీక్షకు జవాబు ఇదే. ఆసరా లేకుండా ఆమె బతకలేదు.

ఆ సంగతి ఆమెకు చెప్పాను. గోడ దాటితే ఏమవుతుందో కూడా చెప్పాను. ఆసరాకు నీలూ తెలియదు. తన దగ్గరున్న వివరాలకు పొసగని జ్ఞాపకం ఏది లేచినా, దాన్ని పొరపాటనుకుని పక్కకు నెట్టేస్తుంది. బాధ కూడా తెలియదు. నీళ్ల మీద గీత చెరిగినట్టు చెరుగుతుంది.

పొలం గట్టు మీద నిలబడి ఆమె చాలాసేపు ఆలోచించింది. కోట వైపు చూసింది. నేను తొందరపెట్టలేదు.

"బయట... పోతదా? నీలూ?"

"పోతది."

"లోపల... నేను పోత."

"అవునక్కా."

నా చొక్కా పట్టుకుని దగ్గరికి లాగింది. ఆ మూడు మాటలు కూర్చుకోవడానికి ఎంత అవస్థ పడిందో రాయడం నా చేత కాదు.

"నువ్వు... చెప్పాలె. నాకు."

"చెప్త."

"మల్ల."

"మల్ల మల్ల చెప్త అక్కా."

చొక్కా వదిలి, తనే ద్వారం వైపు నడిచింది. నేను వెనక నడిచాను.

స్మృతి కేంద్రానికి మనవి: ఆరేళ్ల కింద "చేర్చకూడనివి" గడిలో నేను పెట్టిన సంతకాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. నీలవేణి, ఈ సుగుణ కూతురు, ఏడేళ్లు బతికింది. పుట్టిన తేదీ, పోయిన తేదీ, ఆ పిల్ల గురించి నాకు గుర్తున్నవి పద్దెనిమిది పేజీలు ఈ పుస్తకం వెనక రాశాను. రాత్రంతా అదే పని చేశాను. చేర్చగలరు.


ఆదివారం, 10:30. ద్వారం బయట, బస్సు షెల్టర్

ద్వారం దాటిన రెండు నిమిషాలకు చెవి వెనక వెలుగు వచ్చింది. కాపలా అతను ఫోన్లు ఇచ్చాడు. కేంద్రానికి ఫోన్ చేశాను. ఎత్తినతను నా మాటంతా విని, మార్పుకు ముగ్గురు డాక్టర్లు కూర్చుని ఒప్పుకోవాలి, ఇరవై రోజులు పడుతుంది, అంతదాకా రోగిని కలతపెట్టొద్దు అన్నాడు.

షెల్టర్‌లో చల్లగాలి కింద కూర్చున్నాం. పావుగంటలో అక్కకు మాటలన్నీ తిరిగివచ్చాయి.

"తోరణాలు ఎంత బాగున్నయ్ తమ్మీ! హంసలను సూసినవా?" అంది. కాలిన వేళ్లు చూసుకుని, "ఇదెప్పుడు కాలింది?" అంది. తర్వాత నా మొహం చూసింది. "కండ్లెందుకట్ల ఎర్రగైనయ్?"

దుమ్ము పడిందంటే అయిపోయేది. ఇరవై రోజులు ఆగితే కేంద్రం వాళ్లే పద్ధతిగా చేర్చేవాళ్లు. ఆరునెలలు ఆగమన్నప్పుడూ ఇట్లాగే అనుకున్నాను.

"అక్కా, నీకొక బిడ్డ ఉండె. పేరు నీలవేణి," అని మొదలుపెట్టి అంతా చెప్పాను.

ఆమె పెదవులు వణికాయి. నా చెయ్యి పట్టుకుంది. అంతలో మొహం మెల్లగా సాపు అయిపోయింది. కనుబొమల మధ్య ముడత విడిపోయింది. నా చెయ్యి వదిలి, సంచీలో నీళ్లు తాగింది.

"ఏదో అంటున్నవ్ తమ్మీ, ఏంది?"

మళ్లీ చెప్పాను. మళ్లీ వణికింది, మళ్లీ సాపు అయిపోయింది. మొదటి బస్సు వచ్చి వెళ్లిపోయింది. మూడోసారి చెప్పాను. షెల్టర్‌లో కూర్చున్న ఒకామె లేచి దూరంగా వెళ్లి నిలబడింది. నేనేదో హింస పెడుతున్నాననుకుని ఉంటుంది. నాకూ అట్లాగే అనిపించింది. ప్రతిసారీ ఆమెకు అది మొదటిసారి. ప్రతిసారీ ఆ దెబ్బ కొత్తగా తగులుతోంది, కొట్టేది నేను.

రెండో బస్సు కూడా వెళ్లింది.

నాలుగోసారి మొదలుపెట్టాను. "అక్కా, నీకొక బిడ్డ ఉండె. పేరు నీలవేణి. బస్సు పడ్డనాడు దానికి..."

"ఏడేండ్లు," అంది అక్క.

నేను ఆగిపోయాను. ఆసరాలో ఆ అంకె లేదు. ఈసారి నేనింకా చెప్పలేదు.

"ఏడేండ్లే గద తమ్మీ, దానికి," అని నా భుజం మీద తల వాల్చి ఏడ్చింది.